ముందు సైటు ఎక్కడుండాలి: బెంగళూరులో ఒక ఎయిర్ రైఫిల్ సర్వీసు

బెంగళూరు జయనగరలో ఎయిర్ రైఫిళ్లు బాగుచేసే ఒక చిన్న దుకాణంలో, మా అమ్మాయి పది మీటర్ల పోటీ రైఫిల్‌కు ముందు సైటు, అంటే గురి చూడడానికి గొట్టం ముందు భాగాన ఉండే రింగు అమరిక, స్థానం మార్పించాము. దానిని గొట్టం మూతి దాకా జరిపించాలన్నది మా ఆశ. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మెకానిక్ మాత్రం తొందరపడకుండా, ఈ సైటుకూ కంటి దగ్గరుండే వెనుక సైటుకూ నడుమ దూరం కొలిచి లెక్క చెప్పారు. ఆ దూరం 700 మిల్లీమీటర్లయితే, అమరికలో 0.1 మిల్లీమీటరు తేడాకు లక్ష్యం దగ్గర గుండు సుమారు 1.43 మిల్లీమీటర్లు తప్పుతుంది, 800 అయితే 1.25; పది పాయింట్ల చుక్క వెడల్పే 0.5 మిల్లీమీటర్లు కనుక ఇది చిన్న లాభం కాదు.

అయినా "ముందుకు జరిపేకొద్దీ మూతి బరువెక్కుతుంది సార్, పాప చెయ్యి నిలుస్తుందో లేదో ముందు చూద్దాం" అన్న ఆయన మాటే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. పాపతో పదేపదే గురి పెట్టించి, మూతికి రెండు వేళ్ల వెనుక బిగించారు. సైటు దూరమై రింగు చిన్నదిగా కనిపించడంతో, లోపలి రింగును కాస్త పెద్దది వేశారు.

ఒక్క లోపం చెప్పాలి: మర బిగువు చాలక రెండు వారాల్లో సైటు వెంట్రుకవాసి వెనక్కి జారింది. మళ్లీ తీసుకువెళితే రూపాయి అడగకుండా బిగించి, సైటు బిగించే పట్టా మీద సన్నని పెన్సిల్ గీతతో దాని చోటు గుర్తు పెట్టి ఇచ్చారు.