తగ్గని మెడ బిళ్ళలు, బయాప్సీ నిర్ణయం: ఒక క్లినిక్ సేవలపై సమీక్ష

మా అన్నయ్యకు మెడ పక్కన, కాలర్ ఎముకకు కాస్త పైన లేచిన బిళ్ళలు (వాచిన లింఫ్ గ్రంథులు) వారాలు గడిచినా తగ్గకపోవడంతో, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలా, ఇంకొన్నాళ్లు చూడాలా అన్నది తేల్చుకోవడానికి గ్రంథుల వాపులను ప్రత్యేకంగా చూసే ఒక క్లినిక్‌కు వెళ్లాము. అంతకుముందు మరొక చోట సూదితో కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష చేసి, ఫలితం 'రియాక్టివ్' (అంటే ఇన్ఫెక్షన్ వంటి కారణంతో వచ్చిన మామూలు వాపు) అని వచ్చిందంటూ స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చారు.

ఇక్కడి వైద్యురాలు పాత రిపోర్టులు తెరవకముందే మెడ రెండు వైపులా, చంకలు, గజ్జలు, ప్లీహం చేత్తో తడిమి చూశారు. జ్వరం, రాత్రిపూట బట్టలు తడిసేంత చెమట, ఆరు నెలల్లో పదో వంతుకు మించి బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండటం, పళ్ల జబ్బులు, వాడుతున్న మందులు, ఇలా ఒక్కొక్కటీ అడిగారు. దవడ కింద చిన్న బిళ్ళ నాలుగు వారాలు ఆగి చూడదగినదే కావచ్చు కానీ, కాలర్ ఎముక పైన వచ్చినదాన్ని పరిమాణం చిన్నదైనా తేలిగ్గా తీసుకోకూడదని, స్కానింగ్‌లో అది కోలగా కాక గుండ్రంగా ఉండి, మధ్యలో కనిపించాల్సిన కొవ్వు భాగం కనిపించకపోవడం ఆ అనుమానాన్ని పెంచుతోందని తెర మీద చూపిస్తూ వివరించారు. సూదికి విడి కణాలే వస్తాయి కనుక గ్రంథి అమరిక తెలియదని, లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌ను తేల్చాలంటే ఆ అమరికే ముఖ్యమని, అందుకే ఎఫ్‌ఎన్‌ఏసీలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదని చెప్పారు. స్టెరాయిడ్ మొదలుపెట్టనివ్వలేదు, అది గడ్డను తాత్కాలికంగా కరిగించి, తర్వాత తీసే ముక్కలో జబ్బు ఆనవాళ్లు దొరక్కుండా చేయవచ్చట. ఈ ఒక్క సలహాకే నేను వారికి ఎంతో కృతజ్ఞుడిని.

గ్రంథిని పూర్తిగా తీశాక కొంత ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే రసాయనం) సీసాలో, కొంత సెలైన్ (ఉప్పు నీళ్లు) సీసాలో వేసి, రెండింటి మీది పేర్లూ మా ఎదుటే చదివి సరిచూశారు. ఫార్మలిన్ క్రిములను చంపేస్తుంది, అందులో వేసిన ముక్క క్షయ కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్షకు) పనికిరాదు కాబట్టి ఈ శ్రద్ధ చిన్న విషయం కాదు. చివరికి తేలింది క్షయే. ఆరు నెలల చికిత్స మొదలైంది.

లోపాలూ ఉన్నాయి. మెడలో ఆ భాగంలో భుజాన్ని ఎత్తే నరం వెళ్తుందని, దానికి దెబ్బ తగిలే ప్రమాదం కొద్దిగా ఉందని సంతకం పెట్టే ముందు మాత్రమే చెప్పారు. ఆ మాట మొదటి సంప్రదింపులోనే రావాలి. కల్చర్ రిపోర్టుకు ఆరు వారాలకు పైగా పట్టవచ్చని ఎవరూ ముందుగా చెప్పలేదు, ఫోన్ చేస్తే కౌంటర్‌లో సరైన జవాబు దొరకలేదు. అయినా ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. వెళ్లేవారు పాత స్కానింగ్ ఫిల్ములతో పాటు, ఎఫ్‌ఎన్‌ఏసీ చేయించుకుని ఉంటే ఆ స్లైడ్లను కూడా అడిగి తీసుకెళ్లండి. ఇక్కడి పాథాలజిస్టు వాటిని మళ్లీ చూస్తారు.