దమ్ములో తెమడ: ఐఎల్-13 దారి మూయాలా, ఈజీఎఫ్ఆర్ దారి మూయాలా?

తార్నాకలో ఫార్మసీ పిల్లలకి పాఠం చెప్తుంటా, ఆస్తమాలో తెమడ అంత ఎందుకు పుడుతుంది, ఆపాలంటే ఏ సిగ్నల్‌ని కొట్టాలి అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. పుస్తకంలో ఐఎల్-13, ఈజీఎఫ్ఆర్ అనే రెండు సిగ్నల్ దారులూ పక్కపక్కన సమానంగా గీసి వదిలేస్తారు, నా లెక్కలో మాత్రం అవి సమానం కాదు.

ముందు ఒక మాట, తెమడ మొత్తం శత్రువు కాదు. అందులో ముఖ్యంగా రెండు ప్రోటీన్లుంటాయి, మక్5బీ రోజూ దుమ్మునీ క్రిముల్నీ బయటికి నెట్టడానికి కావాల్సిందే, ఎలుకల్లో ఆ జీన్ తీసేస్తే ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్లు పట్టుకున్నాయి. ఆస్తమాలో విపరీతంగా పెరిగేది రెండోది, మక్5ఏసీ. శ్వాసనాళం ముక్కకి పాస్ (PAS) అనే, తెమడని చూపించే రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే మామూలు మనిషిలో అక్కడొకటి ఇక్కడొకటి కనిపించే, తెమడ తయారుచేసే గోబ్లెట్ కణాలు ఆస్తమా మనిషిలో వరసగా ముదురు గులాబీ రంగులో ఉబ్బిపోయి ఉంటాయి, ఆ తెమడ కూడా గంజిలా జారేది కాస్తా రబ్బరులా సాగి నాళానికి అడ్డం పడుతుంది.

ఇప్పుడు మొదటి దారి. ఇంట్లో దుమ్ము పురుగు, బొద్దింకలు, వయ్యారిభామ పుప్పొడి, ఏదో ఒకటి పడని మనిషిలో టీహెచ్2, ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు ఐఎల్-13 అనే సిగ్నల్ ప్రోటీన్‌ని వదుల్తాయి. అది నాళం లోపలి పొర మీదున్న రిసెప్టర్‌కి అతుక్కుంటుంది, లోపల జాక్ ఎంజైములు స్టాట్6 అనే ప్రోటీన్‌ని లేపుతాయి, స్టాట్6 న్యూక్లియస్‌లోకి పోయాక జీన్లని నడిపించే ప్రోటీన్లలో ఎస్‌పీడెఫ్ పెరిగి ఫాక్స్ఏ2 తగ్గుతుంది, దాంతో మామూలు క్లబ్ కణం కాస్తా గోబ్లెట్ కణంగా మారిపోతుంది. ఈ దారికి గట్టి సాక్ష్యం 2002లో వచ్చింది, స్టాట్6 నాళం లోపలి పొరలో మాత్రమే ఉన్న ఎలుకలకి కూడా ఐఎల్-13తో తెమడ పెరిగింది, అంటే మధ్యలో వేరే కణాల సాయం లేకుండానే పని అయిపోయింది.

రెండో దారి ఈజీఎఫ్ఆర్, అంటే కణం మీదుండి పెరుగుదల సిగ్నల్ అందుకునే రిసెప్టర్. సిగరెట్ పొగ, వైరస్‌లు, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వదిలే ఎలాస్టేజ్ ఎంజైమ్, వీటి వల్ల టేస్ అనే ఎంజైమ్ కణం ఉపరితలం మీదున్న టీజీఎఫ్-ఆల్ఫా అనే ప్రోటీన్‌ని కోసేస్తుంది, అది అదే కణం ఈజీఎఫ్ఆర్‌ని తట్టి రాస్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల మీదుగా మక్5ఏసీని పెంచుతుంది. కాగితం మీద చూస్తే ఇదే మంచి టార్గెట్ అనిపిస్తుంది, ఎందుకంటే చాలా కారణాలు ఇక్కడే కలుస్తాయి, ఎలుకల్లో ఐఎల్-13 చేసే పని కూడా కొంత దీని మీదే ఆధారపడినట్టు కనిపించింది.

కానీ మనిషి దగ్గరికొచ్చేసరికి కథ వేరు. ఈజీఎఫ్ఆర్ తెమడ కోసమే ఉన్నది కాదు, దెబ్బతిన్న పొరని మళ్ళీ అల్లేదీ అదే, ఆస్తమా నాళంలో పొర ఎప్పుడూ చెదిరే ఉంటుంది కాబట్టి అక్కడ రిపేర్ ఆపేయడం నాకు భయం. సీఓపీడీ అనే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బున్న వాళ్ళకి బీఐబీడబ్ల్యూ 2948 అనే ఈజీఎఫ్ఆర్ మందుని పీల్చే రూపంలో ఇచ్చి చూశారు, 2010లో ఫలితం వచ్చింది, తెమడ నిల్వ చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, పైగా కొందరికి ఊపిరి సామర్థ్యం తగ్గి లివర్ ఎంజైములు పెరిగాయి.

అందుకే ఆస్తమాకి నా ఓటు ఐఎల్-13 వైపే. అయితే ఒక్క ఐఎల్-13నే పట్టుకుంటే సరిపోలేదు, దాన్ని మాత్రమే పట్టే ట్రాలోకినుమాబ్ ఇంజెక్షన్ ఆస్తమా ట్రయల్స్‌లో పెద్దగా నిలబడలేదు. డుపిలుమాబ్ మాత్రం ఐఎల్-4 రిసెప్టర్ ఆల్ఫాని మూస్తుంది, ఐఎల్-4కీ ఐఎల్-13కీ తలుపు అదే, 2018లో అమెరికాలో ఆస్తమాకి అనుమతి వచ్చింది, సీటీ స్కాన్‌లో తెమడ అడ్డాలు తగ్గడం కూడా చూశారు. ఇంజెక్షన్ ఖరీదు మాత్రం మన దగ్గర మామూలు ఇంటికి అందేది కాదు.

మరి అందరికీ అందేదేది అంటే స్టెరాయిడ్ పంపు. గోబ్లెట్ కణానికి ఐఎల్-13 ఇచ్చిన ఆర్డర్‌ని స్టెరాయిడ్ నేరుగా పెద్దగా ఆపలేదు, ఐఎల్-13 వదిలే కణాల్నే తగ్గిస్తుంది, అందుకే డాక్టర్ రోజూ వాడమంటే ఆయాసం వచ్చిన రోజు మాత్రమే పీల్చి వదిలేయకండి, చెప్పినట్టే వాడాలి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ నాళం చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది అంతే, పిల్లికూతలు తగ్గుతాయి గానీ తెమడ ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంటుంది. మృగశిర కార్తెకి నాంపల్లిలో ఆస్తమా తగ్గుతుందని చేప ప్రసాదం లైన్లో నిలబడే వాళ్ళని చూస్తే వాళ్ళ బాధ అర్థమవుతుంది, వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, పంపు మాత్రం ఆపకండి ప్లీజ్.

పొగ తాగేవాళ్ళకి, న్యూట్రోఫిల్స్ ఎక్కువున్న వాళ్ళకి రెండో దారి నిజంగా నడుస్తుంటుంది, అక్కడ దాన్ని మూసే మంచి మందు ఇంకా చేతిలో లేదు, సిగరెట్ మానడమే అందులో గట్టి పని. మీది ఏ రకమో తెలియాలంటే సీబీపీ రక్త పరీక్ష రిపోర్టులో ఇయోసినోఫిల్స్ (మొదటి దారి రకంలో ఎక్కువగా పెరిగే తెల్ల రక్తకణాలు) లైన్ చూపించి డాక్టర్‌ని అడగండి, స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆ సంఖ్య తగ్గి కనిపిస్తుంది కాబట్టి ఆ విషయం ముందే చెప్పండి.