మార్ట్‌గేజ్ వేరే బ్యాంకుకి మార్చిన ఏడాదిన్నరకి: నా కోపమంతా ఆ ఒక్క పేజీ మీదే

మిల్టన్‌లో మా టౌన్‌హౌస్ మార్ట్‌గేజ్‌కి, అంటే ఇంటి అప్పుకి, తీసుకున్న ఐదేళ్ల ఫిక్స్‌డ్ (వడ్డీ రేటు మారని గడువు) 2025 జనవరి 31తో అయిపోయింది. ఇక రెన్యువల్, అంటే మిగిలిన అప్పుకి మళ్లీ కొత్త రేటు కుదుర్చుకోవడం, ఎలా ఉంటుందో కెనడాలో ఇల్లున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పాత బ్యాంకు ఉత్తరంలో 4.99 శాతం అని వచ్చింది, మాకు తెలిసిన తెలుగు బ్రోకర్ ఒక చిన్న బ్యాంకులో 4.34 పట్టుకొచ్చాడు. మిగిలిన అప్పు 4,60,000 డాలర్లు, ఇంకా ఇరవై ఏళ్లు, అంటే నెలకు 160 దాకా తేడా. 2.84 నుంచి వచ్చాం కాబట్టి రెండూ చేదే, తక్కువ రేటుకి వెళ్లినా పేమెంట్ నెలకు 350 పెరిగింది.

మా ఆయన ఉద్యోగం మారి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు, స్ట్రెస్ టెస్ట్ (రేటు ఇంకా పెరిగినా కట్టగలమా అని మా ఆదాయంతో చూసే పరీక్ష) గుర్తొస్తే కడుపులో దేవినట్టుండేది. అప్పు పెంచకుండా ఉన్నదున్నట్టు మారేవాళ్లకి దాన్ని 2024 నవంబరు 21 నుంచి తీసేశారని బ్రోకర్ చెప్పాకే నిద్రపట్టింది. "ఖర్చు కూడా ఏమీ ఉండదక్కా, కొత్త బ్యాంకే పెట్టుకుంటుంది" అన్నాడు. నేను ఆ మాట నమ్మి పాట్‌లక్‌లో పదిమందికి చెప్పేశాను కూడా.

తర్వాత వారానికి ఫోన్. "అక్కా, ఇల్లు కొన్నప్పుడు లాయర్ ఇచ్చిన ఫైలు ఉందా? చార్జ్ అని, అంటే ఇంటి మీద బ్యాంకు తనఖా రిజిస్టర్ చేసిన పేజీ, ఒకటి ఉంటుంది, ఫొటో తీసి పంపండి." బట్టల అలమరలో, పట్టుచీరల కింద నుంచి ఆ నీలం ఫైలు తీశాను. మేం తీసుకున్న అప్పు 5,40,000. ఆ పేజీలో ఉన్నది 8,62,500! ఎవరిదో కాగితం మా ఫైల్లో కలిసిందేమో అనుకుని పేర్లు రెండుసార్లు చూసుకున్నాను. మావే. లెక్కేస్తే ఇంటి ధర 6,90,000కి సరిగ్గా 125 శాతం. బ్రోకర్ చావు కబురు చల్లగా చెప్పాడు, ఇది కొలేటరల్ చార్జ్ (మా అప్పు కన్నా పెద్ద మొత్తానికి రాయించుకున్న తనఖా), మామూలు తనఖాలాగా ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి చేతులు మారదు, పాతది పూర్తిగా డిశ్చార్జ్, అంటే రద్దు, చేయించి కొత్తది మళ్లీ రిజిస్టర్ చేయాలి, ఆ ఖర్చు మనదే.

అప్పుడు గుర్తొచ్చింది. 2020లో బ్యాంకావిడ "రేపు బేస్‌మెంట్ కట్టుకోవాలంటే మళ్లీ లాయర్ దగ్గరికి వెళ్లక్కర్లేకుండా పెద్ద మొత్తానికి పెడుతున్నాం, మీకే మంచిది" అని నవ్వుతూ చెప్పింది. ఆమె అబద్ధం ఆడలేదు, నిజమే. కానీ వదిలి వెళ్లాలంటే ఇదే కాలికి చుట్టుకుంటుందన్న సగం మాత్రం చెప్పలేదు. లాయర్ పసుపు చీటీలు అంటించిన చోటల్లా మేం సంతకాలు పెట్టాం, పాప ఒళ్లో ఏడుస్తోంది, ఎవరు చదువుతారు? బేస్‌మెంట్ మేం ఇప్పటికీ కట్టలేదు, ఆ పెద్ద మొత్తంలోంచి ఒక్క డాలరూ వాడలేదు.

మొత్తం 1,420 డాలర్లు వదిలాయి. తమాషా ఏంటంటే డిశ్చార్జ్ కాగితాలు పాత బ్యాంకుకి చేరిన మర్నాడే వాళ్లే ఫోన్ చేసి 4.39 ఇస్తామన్నారు. ఆ ముక్క మొదటి ఉత్తరంలోనే రాసుంటే మేం గడప దాటేవాళ్లం కాదు. అప్పటికి నా మనసు విరిగిపోయింది, వద్దన్నాను. ఆ 1,420 కలిపి చూస్తే 4.39కి ఉండిపోవడమే లాభమని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు, లెక్క ఆయనదే రైటు.

కొత్త బ్యాంకు గురించి మొదట్లో తెగ మెచ్చుకున్నాను, ఇప్పుడు కొంచెం తగ్గించుకుంటాను. ఈసారి మామూలు చార్జే, సంతకానికి ముందు ఆ పేజీ అడిగి మరీ చదివాను. పేమెంట్లలో ఒక్క తప్పూ లేదు. కానీ బ్రాంచి లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ కోసం ఒక ఉత్తరం కావాల్సొస్తే నలభై నిమిషాలు ఫోన్‌లో సంగీతం విన్నాను. ఫిక్స్‌డ్ తీసుకున్నందుకు కూడా అంత గర్వపడట్లేదు. మా కాగితాలు పూర్తయిన జనవరి 29నే బ్యాంక్ ఆఫ్ కెనడా రేటు 3కి దించింది, అక్టోబరుకల్లా 2.25కి వచ్చింది, మాలాగే ఆ జనవరిలో వేరియబుల్ (ఆ రేటుతో పాటు మారే వడ్డీ) తీసుకున్న పక్కింటివాళ్లు మా కన్నా తక్కువ కడుతున్నారు.

పాత బ్యాంకు 4.99 దగ్గరే భీష్మించుకుని ఉంటే మారడం మాకు కచ్చితంగా మేలే, ఖర్చు తొమ్మిది నెలల్లో పూడిపోయింది. అప్పు లక్షో రెండు లక్షలో మిగిలి, ఫైల్లో మాలాంటి పేజీ ఉన్నవాళ్లకి ఇంత తిరుగుడు గిట్టుబాటవుతుందని నేననను. మాది కూడా ఈ కొత్త గడువు తీరే 2030 దాకా ఇక్కడే ఉంటే సంగతి. మా ఆయనకి కాల్గరీలో ఉద్యోగం వచ్చేలా ఉంది, ఇల్లు అమ్మాల్సొస్తే మూడు నెలల వడ్డీనో, మా రేటుకీ అప్పటి రేటుకీ తేడా మీద లెక్కేసిన మొత్తమో ఏది ఎక్కువైతే అది పెనాల్టీ కట్టాలి. అది ఎంతో కనుక్కుందామని నిన్న ఫోన్ చేశాను, మళ్లీ అదే సంగీతం.