రేసు ట్రాకా, కార్ల మ్యూజియమా, రోలర్ కోస్టరా? పిల్లల సైన్స్ ట్రిప్‌కి ఏది మేలు?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు స్కూల్ నుంచి పర్మిషన్ కాగితం రాగానే నన్ను అడుగుతుంటారు, "పంపితే ఉపయోగమేనా అక్కా?" అని. మా పెద్దమ్మాయి స్కూల్ తరఫున వాలంటీర్‌గా మూడు చోట్లకీ పిల్లల వెంట వెళ్ళాను. ఒకటి కాన్‌కార్డ్‌లో ఉన్న షార్లెట్ మోటార్ స్పీడ్‌వే, రెండోది ఊరి నడిబొడ్డున నాస్కార్ అనే కార్ల రేసుల సంస్థ పేరు మీద ఉన్న మ్యూజియం, నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్, మూడోది ఉత్తర, దక్షిణ కరోలినాల సరిహద్దు గీత మీదే ఉన్న కారోవిండ్స్ పార్కు. మూడింట్లోనూ పిల్లలు సంతోషంగానే తిరిగారు. కాబట్టి సంతోషం చూసి ఏది మేలో చెప్పలేం. కాగితం మీద వేసిన లెక్కకీ, ఎదురుగా జరిగేదానికీ తేడా వచ్చి, పిల్లలు ఆగి "ఎందుకిలా?" అని అడిగారా లేదా అన్నదే నేను చూస్తాను.

ముందు ట్రాక్ సంగతి. 1960లో మొదలైన ఈ ట్రాక్ చుట్టుకొలత ఒకటిన్నర మైళ్ళు. టీవీలో మలుపులు చదునుగా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే గోడలా లేచి ఉంటాయి. వాలు 24 డిగ్రీలు, అంటే పక్కకి పది అడుగులు జరిగితే ఎత్తు సుమారు నాలుగున్నర అడుగులు పెరుగుతుంది. పిల్లలు కోణమానినికి దారం కట్టి, దారం చివర ఒక నట్టు వేలాడదీసుకుని వచ్చారు. వాలు మీద ఒక పలక ఆనించి దారం ఎక్కడ ఆగిందో చూడటమే పని. నిలబడటానికే కష్టం, బూట్లు జారుతున్నాయి. మా అమ్మాయికి 22 వచ్చింది, పక్క పిల్లాడికి 25. నట్టు ఊగుతూనే ఉంది మరి.

తర్వాత టీచర్ లెక్క వేయించారు. రాపిడి అసలే లేదనుకుని, కేవలం ఆ వాలు సాయంతో కారు ఎంత వేగంగా మలుపు తిరగగలదు? మలుపు వ్యాసార్ధం సుమారు 200 మీటర్లు అనుకుంటే సెకనుకి 30 మీటర్ల లోపు వచ్చింది. గంటకి 66 మైళ్ళు. మన హైవే వేగం కన్నా తక్కువ! అంతలో, డబ్బు కట్టి రేసు కారు నడిపే సరదా కోసం వచ్చినవాళ్ళ కార్లు తిరుగుతుంటే పిల్లలు స్టాప్‌వాచ్ పట్టారు. ఒక చుట్టు 40 సెకన్లు, అంటే సగటున 135 మైళ్ళు. అసలు రేసర్ల క్వాలిఫైయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగులో అయితే చుట్టు సగటే 190 మైళ్ళు దాటిన సందర్భాలున్నాయి. మలుపులో వేగం తగ్గిస్తారు నిజమే, కానీ 66 దరిదాపులకి కూడా రారు.

మిగతా వేగం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న ఎవరూ బోర్డు మీద రాసి పెట్టలేదు. పిల్లలకి వాళ్ళంతట వాళ్ళకే తగిలింది. జవాబులో సగం టైరు పట్టులో ఉంది. మిగతాది గాలి కారుని కిందికి నొక్కడంలో ఉంది. 2022లో వచ్చిన కొత్త తరం కార్లకి అడుగుభాగం చదునుగా చేసి, వెనక డిఫ్యూజర్, అంటే అడుగు గాలిని పైకి వదిలే వాలు భాగం, పెట్టింది అందుకే. అడుగున గాలి వేగంగా సాగితే అక్కడ పీడనం తగ్గి, కారు నేలకి అతుక్కుంటుంది. టైర్లలో మామూలు గాలి బదులు పొడి నైట్రోజన్ ఎందుకు నింపుతారన్నది ఇంకో ప్రశ్న. మామూలు గాలిలో తేమ ఉంటే, టైరు కాగినప్పుడు పీడనం ఎంత పెరుగుతుందో అంచనా దొరకదు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం గోడ. కాంక్రీటు గోడ ముందు ఉక్కు గొట్టాలు, వాటి వెనక నురుగు దిమ్మెలు. దీన్ని సేఫర్ బ్యారియర్ అంటారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఇంజనీర్లు రూపొందించారు. 2002 మే నెలలో మొదట ఇండియానాపొలిస్ రేసు ట్రాక్‌లో పెట్టారు. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి 18న డేటోనా ట్రాక్‌లో గోడకి గుద్దుకుని పేరున్న రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాడు. కారు ఆగే సమయాన్ని సెకనులో కొద్ది భాగం పెంచితే చాలు, మనిషి మీద పడే బలం ఎంతో తగ్గుతుంది. గుడ్డుని దూది మీదా, బండ మీదా వేసి చూపించే పాత ప్రయోగమే ఇది. కానీ ఆ గోడ పక్కన నిలబడి విన్నప్పుడు ఒక్క పిల్లా పక్కచూపు చూడలేదు.

ట్రాక్ ట్రిప్‌లన్నీ ఇలాగే ఉంటాయని చెప్పను. వేరే రాష్ట్రంలో ఒక ట్రాక్‌కి వెళ్తే వ్యానులో ఒక చుట్టు తిప్పి, ఫోటో తీసి పంపేశారు. చేతికి ఏ పనీ ఇవ్వలేదు. పైగా వాన పడితే ట్రాక్ మీద ఏమీ జరగదు, ఎండ ఉంటే నీడ దొరకదు. చెవులకి రక్షణ తప్పనిసరి.

ఆ ఇబ్బందులేవీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేవు. 2010 మేలో తెరిచిన ఈ మ్యూజియంలో గ్లోరీ రోడ్ అని ఒక వాలు దారి ఉంది. చదునుగా మొదలై అలబామా రాష్ట్రంలోని టాలడేగా రేసు ట్రాక్‌లో ఉన్నట్టు 33 డిగ్రీల దాకా లేస్తుంది. రేసు మధ్యలో కారు ఆపి చేసినట్టు, పిట్ స్టాప్‌లో టైరు మార్చే పోటీ, సిమ్యులేటర్లు ఉన్నాయి. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకి ఇదే సరైన చోటు. వేరే ఆలోచన అక్కర్లేదు. పెద్ద పిల్లలకి మాత్రం ఒక లోటు. ప్రశ్న పుట్టకముందే జవాబు పక్కన బోర్డు మీద ఉంటుంది. కార్లు కదలవు, కాబట్టి లెక్క తప్పే అవకాశమే లేదు.

కారోవిండ్స్ మీద నాకు మొదట చిన్నచూపు ఉండేది. పార్కులో చదువేమిటి అనుకున్నాను. ఫ్యూరీ 325 రోలర్ కోస్టర్ దగ్గర ఆ అభిప్రాయం మారింది. ఎత్తు 325 అడుగులు. అక్కడి నుంచి పడితే గాలి, రాపిడి లేకుండా గంటకి 98 మైళ్ళకి పైగా వేగం రావాలి. పార్కు చెప్పేది 95. ఆ మూడు మైళ్ళు ఎక్కడ పోయాయో వెతకడం పదకొండు, పన్నెండో తరగతి ఫిజిక్స్ పిల్లలకి మంచి పని. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ జాగ్రత్తగా జేబులో పెట్టుకుంటే తమ ఒంటి మీద పడిన బలాన్నీ కొలుచుకోవచ్చు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగితే పక్కవాళ్ళ మీద పడతాం కదా, అది ఇక్కడ అంకెల్లో కనిపిస్తుంది. ఇదే రైడ్‌కి 2023లో ఒక ఉక్కు స్తంభం పగిలింది. జూన్ 30న మూసి, స్తంభం మార్చి, ఆగస్టులో మళ్ళీ తెరిచారు. లోహం అలసట, అంటే మళ్ళీ మళ్ళీ బరువు పడి లోహం పగలడం గురించి చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ ఊళ్ళో లేదు. కానీ ఆరు, ఏడో తరగతి పిల్లలు అక్కడికి వెళ్తే క్యూలోనే రోజు గడిచిపోతుంది. కొలిచే ఓపిక వాళ్ళకి మిగలదు.

అందుకే ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా అయితే నా ఓటు ట్రాక్‌కే. 66కీ 135కీ మధ్య తేడా ఆ వయసు పిల్లలకి కళ్ళకి కడుతుంది. 98కీ 95కీ మధ్య తేడా పట్టించుకోవాలంటే ఇంకొంచెం చదువు కావాలి.

మా చిన్నమ్మాయి ఈ ఏడు ఆరో తరగతి. కాగితం మీద సంతకం పెట్టేశాను. సంచిలో కోణమానిని, దారం సర్దుకుంది. ఊగకుండా ఉండాలని ఈసారి బరువైన నట్టు అడిగి తెచ్చుకుంది. అక్కకి వచ్చిన 22 ఎందుకు వచ్చిందో తనే తేలుస్తుందట.