ఎగ్జిట్ లైట్లు వెలిగాయని డబ్బులు ఇచ్చేయకండి

ఒడిశాలోని రాయగడలో మాకు మూడంతస్తుల లాడ్జి ఉంది. మజ్జిగౌరమ్మ దర్శనానికి పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి వచ్చే మనవాళ్లే ఎక్కువ దిగుతారు. కరెంటు పోయినా లోపలి బ్యాటరీతో వెలిగి బయటికి దారి చూపేవే ఎగ్జిట్ లైట్లు. పాతవి పాడైపోతే నిరుడు సంక్రాంతి వెళ్లాక పద్నాలుగు కొత్తవి వేయించాను. సరుకు, ఫిట్టింగు రెండూ ఒకాయనకే గుత్తకిచ్చాను. పేరు రాయను. సాయంత్రానికి అన్నీ పచ్చగా వెలిగాయి. మొత్తం డబ్బు చేతిలో పెట్టేశాను.

మే నెలలో ఒకరోజు గాలివాన. రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. మెట్ల మీద కటిక చీకటి. పిల్లాణ్ణెత్తుకుని దిగుతున్న ఒకావిడ మెట్టు తప్పి మోకాలు చెక్కుకుంది. పద్నాలుగింటిలో ఒక్కటీ వెలగలేదు.

మర్నాడు జయపురం నుంచి వేరే మేస్త్రిని రప్పించాను. ఆయన స్క్రూడ్రైవర్ తీయకుండానే మా వాచ్‌మన్‌ని అడిగాడు: "రాత్రి వరండా లైట్లు ఎన్నింటికి ఆర్పుతావు?"

"పదిన్నరకి బాబూ. అవి ఆర్పినా ఈ పచ్చలైట్లు ఆరవు, మంచి సరుకు!"

అదీ సంగతి. ఎగ్జిట్ లైట్లకి ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ, వరండా స్విచ్చు నుంచి లాగేశారు. స్విచ్చు ఆర్పగానే, కరెంటు పోయిందనుకుని అవి బ్యాటరీ మీద వెలిగేవి. అర్ధరాత్రికల్లా బ్యాటరీ ఖాళీ. రోజూ అలా అడుగంటా ఖాళీ అయి నాలుగు నెలల్లో చచ్చాయి. ఫేజు స్విచ్చుతో పనిలేకుండా, అదే వరండా సర్క్యూట్ నుంచి నేరుగా రావాలి.

గుత్త తీసుకున్నాయనకి ఫోన్ చేస్తే "బ్యాటరీ కంపెనీది, మాకేటి సంబంధం" అన్నాడు. కంపెనీవాళ్లు "వైరింగ్ తప్పు, వారంటీ రాదు" అన్నారు. ఇద్దరి మధ్యా నా డబ్బు గోవిందా.

2016 జాతీయ భవన నియమావళి ప్రకారం ఎంత చిన్న భవనమైనా ఇలాంటి ఎమర్జెన్సీ లైటు కరెంటు పోయాక గంటన్నర ఆగకుండా వెలగాలి. పెట్టె మీది టెస్ట్ బటన్ నొక్కి చూపిస్తే నమ్మకండి, అది బ్యాటరీలో ఆ క్షణానికి ఎంతోకొంత ఉందనే చెబుతుంది. ముందు వరండా స్విచ్చు ఆర్పండి. ఛార్జింగ్ చుక్క దీపం వెలుగుతూనే ఉండాలి. ఆరిందా, మా కథే మీ కథ. ఒకరోజంతా ఛార్జయ్యాక ఆ సర్క్యూట్ ఎంసీబీ (బోర్డులో ఉండే ట్రిప్పు స్విచ్చు) దించి, గడియారం పెట్టుకుని గంటన్నర కూర్చోండి. అంతవరకు సగం డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

వైరింగ్ మార్పించి, కొత్త బ్యాటరీలు నా ఖర్చుతోనే వేయించాను. రెండింటికి మాత్రం బ్యాటరీ బోర్డుకే అతికించేసి ఉంది, మార్చడానికి వీల్లేదు. ఆ రెండూ ఆఫీసు గదిలో మూలన పడున్నాయి.