రిజిస్టర్ నుంచి ట్యాబ్‌కి: జాలరిపేటలో నాలుగేళ్ల వాడకం

విశాఖ తీరంలో ఒక జాలరిపేటకి నేను ఏఎన్ఎంని, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుని. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూసి ట్యాబ్‌లో ఎక్కించడం నాలుగేళ్లుగా నా పని. అంతకుముందు అన్నీ రిజిస్టర్లే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అవి నానిపోతే, ఎవరు ఏ మందు వాడుతున్నారో ఇల్లిల్లూ తిరిగి మళ్లీ రాసుకున్నాను. అందుకే ట్యాబ్ ఇస్తారంటే చాలా సంతోషపడ్డాను.

మా పేటలో ఒకే వీధిలో ముగ్గురు నూకరాజులున్నారు. ఇంటిపేరూ ఒకటే. ఇద్దరికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. రిజిస్టర్లో ఒకరి బీపీ ఇంకొకరి వరసలో పడిపోయేది. ఒక్కో మనిషికి ఒక్కో ఆరోగ్య ఖాతా సంఖ్య, అదే 14 అంకెల ఆభా నంబరు వచ్చాక ఆ తికమక పోయింది. పోయినసారి బీపీ 160/100 అని, మందులు ఫలానా రోజు ఇచ్చామని కళ్లముందు కనిపిస్తుంది. మనిషి ఎదురుగా ఉండగానే “నెలయింది, మాత్రలకి రాలేదేం బాబూ?” అని అడగగలుగుతున్నాను. ఈ ఒక్కదానికే ట్యాబ్‌ని వదులుకోను.

అసలు కష్టం ఆ నంబరు చేయించడంలో ఉంది. ఆధార్‌తో చేస్తే ఓటీపీ దానికి కలిపిన ఫోన్‌కే వస్తుంది. “మా గుంటడి పోన్‌కొస్తాది నర్సమ్మా, ఆడు ఏటకెల్పోనాడు” అంది ఒక పెద్దావిడ. ఫోన్ నడిసముద్రంలో ఉంటే సిగ్నల్ ఎక్కడిది? అందుకే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉండే 61 రోజుల్లో మగవాళ్లకి ఆభా నంబర్లు చేయించే పనంతా పెట్టుకుంటున్నాను. అప్పుడైతే మనుషులూ ఉంటారు, ఫోన్లూ ఉంటాయి.

నెట్ లేనప్పుడు ఎక్కించినవి ట్యాబ్‌లోనే ఉండి, నెట్ వచ్చాక సింక్ అవ్వాలి, అంటే ఆన్‌లైన్‌లోకి చేరాలి. మొదటి నెలలో అది తెలియక, సింక్ కాకముందే లాగౌట్ చేసి 17 మంది వివరాలు పోగొట్టుకున్నాను. ఆ 17 ఇళ్లకీ మళ్లీ తిరిగాను. మాకు జరిగిన శిక్షణ అంటే హాల్లో కూర్చోబెట్టి తెర మీద చూపించడమే. మా సీనియర్ అక్క బీపీ శబ్దం పట్టడంలో మా అందరికీ గురువు. అలాంటి ఆవిడకి ట్యాబ్ ముందు చేతులు వణికేవి. మూడు వారాలు రోజూ ఓపీ అయ్యాక అరగంట ఇద్దరం కూర్చున్నాం. ముందు టైపింగ్ జోలికి పోలేదు, పేరు వెతకడం నేర్చుకున్నాం. పేరు దొరకలేదని కొత్తగా ఎక్కించేయడం వల్లే ఒక మనిషికి రెండు రికార్డులు పడేవి. ఇప్పుడు ఆశాలకి నేర్పుతున్నది ఆ అక్కే. శిక్షణ ఇలా పక్కన కూర్చుని, ట్యాబ్ చేతికిచ్చి నేర్పించాలి.

సాయంత్రం మళ్లీ రిజిస్టర్లో రాయడం ఇంకా తప్పట్లేదు. నన్ను బాగా బాధపెట్టేది ఇదే. ఆ గంటలో ఇంకో నాలుగు ఇళ్లు చూడొచ్చు. పైగా అలసిన చేత్తో రాస్తే 130 కాస్తా 180 అయిపోతుంది.

కొత్తగా ట్యాబ్ అందుకున్న చెల్లెళ్లు బీపీ చూసిన గుమ్మంలోనే ఎక్కించేయండి, ఇంటికి బయల్దేరేముందు సింక్ అయ్యిందో లేదో చూసుకోండి. సముద్రం పక్కన పనిచేసేవాళ్లయితే ఛార్జింగ్ పెట్టేచోట ఉప్పుగాలి తగలకుండా కవర్ వేయండి.