ఎనిమిది దీపాలైతే ఏం పోతుంది? – విజయవాడలో రెండు రోజుల కథా కార్యశాల

కథల్లో పురాణ సంఖ్యలను వాడుకోవడం ఎలా అన్న అంశంపై గత నెలలో ఒక శని, ఆదివారాలు విజయవాడ గవర్నరుపేటలో జరిగిన కార్యశాలకు గుంటూరు నుంచి రెండు రోజులూ బస్సులో వెళ్లి వచ్చాను. మధ్యాహ్న భోజనం, ముద్రించిన కరదీపికతో కలిపి రుసుము 1,500 రూపాయలు. ఇరవై మందికి మించి చేర్చుకోబోమని ముందుగా చెప్పిన మాటను నిర్వాహకులు నిలబెట్టుకున్నారు.

మొదటి పూట నన్ను నిరాశపరిచింది. త్రిమూర్తులు, చతుర్వేదాలు, పంచభూతాలు, సప్తర్షులు, అష్టదిక్పాలకులు, నవగ్రహాలు అంటూ తెర మీద సాగిన జాబితా పెద్దబాలశిక్ష తిరగేసిన వారెవరికీ కొత్తది కాదు. ఓడిన్ అనే దేవుడు చెట్టుకు తొమ్మిది రాత్రులు వేలాడిన నార్స్ (ఉత్తర ఐరోపా) గాథను పది నిమిషాల్లో ముగించడం కంటే అసలు ఎత్తకుండా ఉంటేనే బాగుండేది.

మధ్యాహ్నం భారతంలోని పద్దెనిమిది దగ్గరకు వచ్చేసరికి పాఠం చెబుతున్న విశ్రాంత తెలుగు అధ్యాపకుల ధోరణే మారిపోయింది. పర్వాలు 18, యుద్ధం 18 రోజులు, గీతాధ్యాయాలు 18, కౌరవుల 11 అక్షౌహిణులూ (అక్షౌహిణి అంటే ఒక సేనా పరిమాణం) పాండవుల 7 కలిస్తే 18 అన్నంత వరకు అందరికీ తెలిసిందే. ఆయన అక్కడ ఆగకుండా ఒక అక్షౌహిణిలోని 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం అంకెలను బల్ల మీద రాసి, ఒక్కొక్క సంఖ్యలోని అంకెలను మా చేతనే కూడించారు. ప్రతిసారీ పద్దెనిమిదే వచ్చింది. ఇంటి దూలం గోడల మధ్య దాగి బరువు మోసినట్టు, సంఖ్య కూడా పాఠకుడి కంట పడకుండానే కథను మోయగలదని ఆయన ఆ లెక్కతోనే చూపించారు. నన్నయ రెండున్నర పర్వాల దగ్గర ఆగిన తెలుగు భారతంలో తిక్కన పదిహేను పర్వాలు రాయగా, మిగిలిన అరణ్యపర్వ భాగాన్ని ఎర్రన పూరించి లెక్క సరిచేశాడన్న సంగతి నాకు ఆ పూటే మొదటిసారి కథలా వినిపించింది.

రుసుముకు తగిన ఫలం దక్కింది మాత్రం ఆదివారం నాడే. ఆ రోజంతా ఒకే ఒక్క విషయం మీద నడిచింది: లెక్క ఎక్కడ తెగుతుందో కథ అక్కడ మొదలవుతుంది. వసువులే బిడ్డలుగా పుట్టగా గంగ ఏడుగురిని నీట విడుస్తుంటే, ఏం చేసినా అడగనని ఇచ్చిన మాట కోసం మౌనంగా చూసిన శంతనుడు ఎనిమిదో బిడ్డ దగ్గర నోరు విప్పుతాడు, దానితో భార్య దూరమై భీష్ముడు మిగులుతాడు. వసువులు ఎనిమిది మంది అన్నది పురాణపు లెక్క అయితే, ఎనిమిదోసారి మాట దాటడం కథకుడి పని. నూరు తప్పులు సహిస్తానని మేనత్తకు కృష్ణుడు మాట ఇచ్చిన నాటి నుంచే మనం శిశుపాలుడి తప్పులు లెక్కపెడుతూ కూర్చుంటాం. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒక్కటి ఎండకపోబట్టే చీమ దాకా విచారణ సాగింది.

నా పాత కథ ఒకటి చదివి వినిపించాను. అందులో నాయనమ్మ నవరాత్రుల్లో తొమ్మిది దీపాలు పెడుతుంది. "ఎనిమిదైతే ఏం పోతుందండీ?" అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. నలభై ఒక్క రోజుల భవానీ దీక్షలో నలభయ్యో రోజున మాల తీసేసిన మనిషి గురించి ఒక పేజీ రాయమని ఇచ్చిన అభ్యాసంలో ఆ సమాధానం కొంత దొరికింది.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. కరదీపికలో అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది పద్ధతిని వివరిస్తూ, "జయ"లో జ ఎనిమిది, య ఒకటి కనుక 81 అని రాసి అక్కడే వదిలేశారు. అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలన్న నియమం చెప్పనిదే అది 18 కాదు, భారతానికి మరో పేరైన "జయ"ను ఉదాహరణగా ఇవ్వడంలో అర్థమే లేదు. మన కథలపై వారంలో పంపుతామన్న లిఖిత అభిప్రాయం మూడు వారాలకు, అదీ రెండు వాక్యాల్లో వచ్చింది. భోజనానికి వంక పెట్టను, గోంగూర బాగుంది.

ఇప్పటికే నాలుగైదు కథలు రాసి, వాటిని పదిమంది ఎదుట విప్పడానికి సిద్ధపడేవారికి ఈ కార్యశాల ఉపయోగపడుతుంది. పురాణ పరిచయం కోసమే వెళ్లేవారికి రుసుము దండగ. రెండో రోజుకు మాత్రమే సగం రుసుముతో చేరే వీలుందా అని మిత్రుడి కోసం అడిగాను, లేదన్నారు.